ఎప్పుడు నమ్మారు? ఫిలడెల్ఫియాలో ఈగల్స్ గెలిచిన వారం

2025 ఫిబ్రవరి 8, శనివారం – ఎక్స్‌టన్

డాలస్ పక్కన మేముండే ఫ్రిస్కోలోనే డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం ఉంది. ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్‌కి వాళ్ళంటే అస్సలు పడదు. ఎప్పుడో ఆఫీసు పిక్నిక్‌లో ఇచ్చిన నీలం జాకెట్ మీద వాళ్ళ నక్షత్రం గుర్తు ఉంటుంది. చలికి అదే వేసుకుని ఫిలడెల్ఫియాలో దిగాను. తీసుకెళ్ళడానికి వచ్చిన మా మేనల్లుడు చిన్నా పలకరింపు కూడా లేకుండా, "మామయ్యా, ముందు అది విప్పు. కార్లో వేరేది ఉంది" అన్నాడు. కార్లో ఉన్నది ముదురాకుపచ్చ హుడీ, రెక్క విప్పిన గద్ద బొమ్మతో. వారమంతా దాన్ని వదల్లేదు.

దారిలో కాఫీకి వావా దగ్గర ఆగాం. ఈ ప్రాంతంలో పెట్రోలు, కాఫీ, శాండ్‌విచ్ అన్నీ దొరికే కొట్టు అది. అక్కడొక మర్యాద ఉంది. తలుపు దగ్గరికి వచ్చినవాడు వెనకవాడి కోసం తలుపు పట్టుకుని నిలబడతాడు, వెనకవాడు ఇంకా కారు దగ్గరే ఉన్నా సరే. నేను తలుపు దాటుతూ థాంక్స్ అన్నాను. పట్టుకున్న పెద్దాయన "గో బర్డ్స్" అన్నాడు. లోపల కాఫీకి డబ్బు కట్టి చిల్లర తీసుకుంటే ఆ అమ్మాయీ "గో బర్డ్స్" అంది. బర్డ్స్ అంటే ఈగల్సే. నమస్కారానికీ, సెలవుకీ, పర్లేదులెండికీ అందరిదీ ఇదే మాట. పెట్రోలు బంకు దాటేలోపే నాకూ అలవాటైపోయింది.

అక్కావాళ్ళ ఇల్లు ఫిలడెల్ఫియా శివారులో, ఎక్స్‌టన్‌లో. రాత్రి అక్క గోంగూర పప్పు, వంకాయ వేపుడు చేసింది. తింటూ తింటూ సీజను కథంతా మొదలైంది. రేపు న్యూ ఆర్లీన్స్‌లో సూపర్ బౌల్, అంటే సీజను ఫైనల్. ఈగల్స్ మీద కాన్సస్ సిటీ చీఫ్స్. చీఫ్స్ వరసగా రెండేళ్ళు గెలిచారు, మూడోదీ గెలిస్తే సూపర్ బౌల్ చరిత్రలో ఎవరూ చేయనిది చేసినట్టు.

ఈగల్స్ సీజను 2024 సెప్టెంబర్ 6న బ్రెజిల్‌లో, సావ్ పావ్లో నగరంలో మొదలైంది. కాలు జారిపోయే గడ్డి మీద గ్రీన్ బే ప్యాకర్స్‌ని 34-29తో ఓడించారు. ఆ తర్వాత సొంతగడ్డ మీద ఫాల్కన్స్ చేతిలో 22-21తో, టాంపా బేలో బక్కనీర్స్ చేతిలో 33-16తో దెబ్బ తిన్నారు. నాలుగు మ్యాచులయ్యేసరికి రెండు గెలుపులు, రెండు ఓటములు. కోచ్ నిక్ సిరియానిని తీసేయాలని ఊరంతా రేడియోకి ఫోన్లు చేసి తిట్టారట. ఆ తర్వాత ఒక వారం సెలవొచ్చింది. సెలవు తర్వాత సిరియాని గుండుతో ప్రత్యక్షమయ్యాడు. అక్కడినుంచి వరసగా పది గెలుపులు.

"మొక్కు తీర్చుకున్నాక ఫలితం రాకుండా ఉంటుందా?" అంది అక్క. నవ్వుతూనే అంది గాని, ఆ గుండు చూసిన రోజే తనకు నమ్మకం కుదిరిందట. బావగారు మాత్రం గుండుకీ దీనికీ సంబంధం లేదనీ, సెలవు తర్వాత కూపర్ డిజీన్ అనే కొత్త కుర్రాణ్ణి డిఫెన్స్‌లోకి తెచ్చారనీ, తేడా అక్కడే వచ్చిందనీ వాదించారు. ఇద్దరికిద్దరూ తగ్గలేదు. ఈ ఊళ్ళో కనిపించిన ప్రతివాణ్ణీ "మీకు ఎప్పుడు నమ్మకం కుదిరింది?" అని అడగాలని నాకు అప్పుడే తోచింది.

ఫిబ్రవరి 9, ఆదివారం – ఎక్స్‌టన్

పొద్దుటినుంచి చిన్నా ఒకటే టెన్షన్. వాడి ఒంటిమీద, ఈగల్స్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే సేక్వాన్ బార్క్‌లీ 26 నంబరు జెర్సీ ఉంది. అక్టోబర్ నుంచి దాన్ని ఉతకనివ్వలేదట. "ఆ కంపుకే అవతలి జట్టు పారిపోవాలి" అంది అక్క. సోఫాలో ఎవరి చోటు ఎవరిదో కూడా వాడే చెప్పాడు. నేను కొత్తవాణ్ణి కాబట్టి నాకు మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడు.

అక్క మిరపకాయ బజ్జీలు వేస్తోంది, పక్కింటి అమెరికన్ దంపతులు రెండు ట్రేల చికెన్ వింగ్స్ పట్టుకొచ్చారు. వాళ్ళాయన బజ్జీ నమిలి మంట పుట్టి మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఇంకోటి తీసుకున్నాడు.

మొదటి టచ్‌డౌన్, అంటే బంతిని అవతలి గీత దాటించడం, ఈగల్స్‌కి బాగా పేరున్న ఎత్తుతోనే వచ్చింది. గీతకి ఒక గజం దూరంలో ఉండగా, జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ బంతి పట్టుకుని వంగుతాడు, వెనకనున్నవాళ్ళు ఆగిపోయిన ఆర్టీసీ బస్సుని నెట్టినట్టు వాణ్ణి ముందుకు నెట్టేస్తారు. చూడ్డానికి అందం లేదు, ఆపడానికి మార్గమూ లేదు. రెండు వారాల క్రితం వాషింగ్టన్ ఆటగాడొకడు దీన్ని ఆపబోయి మళ్ళీ మళ్ళీ ముందే దూకితే, ఇంకోసారి ఇలా చేస్తే ఈగల్స్‌కే పాయింట్లు ఇచ్చేస్తామని రిఫరీ హెచ్చరించాడట. అది చెబుతూ పక్కింటాయన పడీ పడీ నవ్వాడు.

బావగారు చెప్పిన డిజీన్ ఆరోజే 22 నిండి 23లో పడ్డాడు. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ విసిరిన బంతిని మధ్యలో అందుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. బార్క్‌లీ పుట్టినరోజూ అదే. బావగారు అక్క వైపు ఒక చూపు చూశారు. అక్క బజ్జీల పిండి కలుపుతున్నట్టు నటించింది.

సగం ఆట అయ్యేసరికి 24-0. "ఇంకేముంది, అయిపోయింది కదా" అన్నాను. "మామయ్యా! పైకి అనకు!" అని చిన్నా అరిచాడు. 2023 ఫిబ్రవరిలో ఇదే చీఫ్స్ మీద సగం ఆటకి 24-14తో ముందుండి, చివరికి 38-35తో ఓడారు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదట. ఈసారి మాత్రం మూడో క్వార్టర్ చివరిదాకా చీఫ్స్ ఒక్క పాయింటూ చేయలేకపోయారు. అప్పటికి 34-0. డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో నలుగురితోనే మహోమ్స్ మీద ఒత్తిడి తెచ్చి, మిగతావాళ్ళందర్నీ వెనక కాపలా పెట్టాడు. మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టారు. చివర్లో చీఫ్స్ రెండు టచ్‌డౌన్లు చేశారు గాని, అవి లెక్క కోసమే. 40-22.

గంట మోగాక చిన్నా నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి లేచి "బ్రాడ్ స్ట్రీట్‌కి వెళ్దాం" అన్నాడు. అక్క ససేమిరా అంది. రెండు వారాల క్రితం సెమీస్ లాంటి మ్యాచ్ గెలిచిన రాత్రి, సంబరంలో స్తంభం ఎక్కిన ఒక కాలేజీ కుర్రాడు పడి చనిపోయాడు. చిన్నా మళ్ళీ అడగలేదు. మా వీధిలో ఎవరో బాణసంచా కాల్చారు, కార్ల హారన్లు అర్ధరాత్రి దాటాక కూడా వినిపించాయి.

ఫిబ్రవరి 10, సోమవారం – ఫ్రాంక్లిన్ ఫీల్డ్

చిన్నా డ్రెక్సెల్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. పక్కనే పెన్సిల్వేనియా యూనివర్సిటీ, అందులో ఫ్రాంక్లిన్ ఫీల్డ్ అనే పాత ఇటుకల స్టేడియం. ఒకప్పుడు ఈగల్స్ ఇక్కడే ఆడేవాళ్ళు. వాడికి క్లాసు ఉందంటే నేనొక్కణ్ణే గోడ చుట్టూ తిరిగాను. గేటు దగ్గర కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన నా హుడీ చూసి ఆగాడు.

1960 డిసెంబర్ 26న వాళ్ళ నాన్నతో కలిసి ఇదే గేటులోంచి లోపలికి వెళ్ళాడట. ఫ్లడ్‌లైట్లు లేవు, చీకటి పడకముందే అయిపోవాలని మధ్యాహ్నం పన్నెండుకే మొదలుపెట్టారు. చాంపియన్లెవరో తేల్చే మ్యాచ్ అది. విన్స్ లొంబార్డి కోచ్‌గా ఉన్న ప్యాకర్స్ మీద 17-13తో గెలిచారు. చివరి ఆటలో ఈగల్స్ ఆటగాడు చక్ బెడ్‌నరిక్ అవతలి జిమ్ టేలర్‌ని కింద పడేసి, గడియారం అయిపోయేదాకా లేవనివ్వలేదు. లొంబార్డి ప్లేఆఫ్‌లో, అంటే నాకౌట్ దశలో, ఓడిన మ్యాచ్ అదొక్కటే. ఇప్పుడు సూపర్ బౌల్ గెలిచినవాళ్ళకిచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత ఈగల్స్ మళ్ళీ చాంపియన్లు కావడానికి 2018 ఫిబ్రవరి దాకా పట్టింది.

1968లో ప్రేక్షకులు శాంటాక్లాజ్ మీద మంచుముద్దలు విసిరింది కూడా ఇక్కడే కదా అన్నాను. ఆయన మొహం చిట్లించాడు. "ఆ సంవత్సరం రెండంటే రెండు మ్యాచులు గెలిచారు. శాంటా ఏం చేశాడు మాకు?" అన్నాడు. ఊరి పరువు తీసిందని దేశమంతా చెప్పుకునే కథ అది. ఈయనకి మాత్రం అది న్యాయమైన ఫిర్యాదులాగే ఉంది.

నా ప్రశ్న అడిగాను. "ఎప్పుడు నమ్మారు?"

"ఇంకా లేదు" అన్నాడు. కుక్క లాగుతుంటే వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 12, బుధవారం – దక్షిణ ఫిలడెల్ఫియా

స్టేడియం చూద్దామని సిటీ హాల్ దగ్గర మెట్రోలోకి దిగాం. టికెట్టుకి రెండున్నర డాలర్లు తీసుకున్నారు. చిన్నా ఫోన్‌లో మళ్ళీ ఆదివారం మ్యాచ్ ముక్కలు చూస్తూ, వచ్చిన రైలెక్కేశాడు. స్టేషన్లు పోతున్నాయి. స్ప్రింగ్ గార్డెన్, ఫెయిర్‌మౌంట్, గిరార్డ్. ఎదురుగా హాస్పిటల్ యూనిఫాంలో ఉన్న ఒక నర్సమ్మ మమ్మల్ని చూసి, "స్టేడియంకి అయితే ఇటు కాదు నాయనా" అన్నట్టు బొటనవేలు వెనక్కి చూపించింది. మేము దిగుతుంటే ఆవిడని కూడా అడిగాను. రామ్స్ మీద మంచులో ఆడిన మ్యాచ్ అంది ఠక్కున. జనవరి 19న, నాలుగో క్వార్టర్‌లో తెల్లగా మంచు కురుస్తుండగా, బార్క్‌లీ 78 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అయినా చివరి నిమిషంలో రామ్స్ గీత దగ్గరిదాకా వచ్చేశారు. ఈగల్స్ డిఫెన్స్‌లోని జేలెన్ కార్టర్ అడ్డం పడి ఆపాడు. 28-22. ఆవిడకి ఆరోజు డ్యూటీ. పేషెంటు గదిలో బీపీ చూస్తూ చూసిందట. ఎవరి బీపీయో చెప్పలేదు. తలుపులు మూసుకున్నాయి.

వెనక్కి తిరిగి చివరి స్టేషన్ దాకా వెళితే బయట కాంక్రీటు మైదానం, గాలి, మధ్యలో లింకన్ ఫైనాన్షియల్ ఫీల్డ్. 2003లో కట్టారు. దానికి ముందున్న వెటరన్స్ స్టేడియంలో అల్లరిమూకని అక్కడికక్కడే విచారించడానికి కోర్టు, లాకప్ పెట్టాల్సొచ్చింది. ఇప్పుడక్కడ కార్ల పార్కింగ్. షాపు దగ్గర క్యూ చాలా దూరం ఉంది. టీషర్టు 40 డాలర్ల దగ్గర అని విని నేను క్యూలోంచి తప్పుకున్నాను.

నాకు ఆ ఖాళీ స్టేడియం ముందు నిలబడి చూడాలనిపించింది బార్క్‌లీని కాదు, వాడికి దారి చేసిన అయిదుగుర్ని. ఆఫెన్సివ్ లైన్ వాళ్ళు బంతి ముట్టుకోరు, టీవీవాళ్ళు వాళ్ళ పేర్లు తప్పు జరిగినప్పుడే చెబుతారు. ఎడమ చివర నిలబడే జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియావాడు, రగ్బీ ఆటగాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. 2018లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఈగల్స్ ఏడో రౌండ్‌లో తీసుకునేదాకా ఈ ఆట ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వాణ్ణి తయారుచేసిన లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్‌కి ఈ ఊళ్ళో ఉన్న గౌరవం హెడ్ కోచ్‌కి కూడా లేదనిపించింది. బార్క్‌లీ న్యూయార్క్ జెయింట్స్‌కి ఆరేళ్ళు ఆడాడు. అదే మనిషి ఈ లైను వెనక నిలబడేసరికి సీజనులో 2,005 గజాలు పరుగెత్తాడు.

మధ్యాహ్నం తొమ్మిదో వీధి, పాస్యంక్ కూడలికి వెళ్ళాం. ఎదురెదురుగా రెండు చీజ్‌స్టేక్ కొట్లు, ప్యాట్స్, జీనోస్. ఆర్డరు ఇవ్వడం ఒక విద్య. చీజ్ పేరు, ఉల్లిపాయ కావాలో వద్దో, రెండు ముక్కల్లో చెప్పేయాలి. "విజ్ విట్" అంటే కరిగించిన పసుపు చీజ్, ఉల్లిపాయలతో. ఆలోచిస్తూ నిలబడితే వెనకవాళ్ళు ఊరుకోరు. నేను గొడ్డుమాంసం తినను కాబట్టి క్యూని చూసి ఆనందించి, రెండు వీధుల అవతల చికెన్‌తో చేసే చోటికి వెళ్ళాం. పొడవాటి బ్రెడ్డు, పెనం మీద తరిగిన చికెన్, చీజ్ కారి కాగితానికి అంటుకుంటుంది. పచ్చిమిర్చి ఊరగాయ విడిగా పెట్టారు. సగం తిన్నాక కడుపు నిండింది, మిగతా సగం కూడా తిన్నాను. ఇద్దరికీ కలిపి 35 డాలర్లు.

తిరుగు ప్రయాణంలో కారు నడిపినాయన లైబీరియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నైరుతి ఫిలడెల్ఫియాలో లైబీరియావాళ్ళు చాలామంది ఉన్నారట. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు అన్నిటికన్నా నచ్చింది. ఒక సీజనులో పరుగెత్తిన గజాల్లో ఎరిక్ డికర్సన్ 1984లో పెట్టిన 2,105 గజాల రికార్డు బద్దలు కొట్టడానికి బార్క్‌లీకి 101 గజాలు చాలు. జనవరి 5న ఒక మ్యాచ్ మిగిలి ఉంది, అదీ తనని వదులుకున్న జెయింట్స్ మీద. అయినా ప్లేఆఫ్స్‌కి దెబ్బ తగలకుండా ఉండాలని కూర్చోబెట్టారు. "ఆ పిల్లాడు బెంచీ మీద నవ్వుతూ కూర్చున్నాడు. అప్పుడు నమ్మాను" అన్నాడు. నేను టిప్పు పెంచాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం – బ్రాడ్ స్ట్రీట్

ఊరికి సెలవు. బడులు మూసేశారు. రాత్రి చిన్నా గదిలోనే పడుకుని, తెల్లవారుతుండగా నదిమీద వంతెన దాటి నడిచాం. ఎండ ఉంది గాని గాలి చెవులు కోసేస్తోంది. అక్క పెట్టిచ్చిన పులిహోర డబ్బా నా సంచిలో.

ఊరేగింపు దక్షిణాన స్టేడియం దగ్గర బయల్దేరి, బ్రాడ్ స్ట్రీట్ మీదుగా సిటీ హాల్‌కి, అక్కడినుంచి ఆర్ట్ మ్యూజియం మెట్ల దాకా వెళుతుంది. మ్యూజియం దగ్గరే నిలబడదామని చిన్నా పట్టుబట్టాడు. తీరా వెళితే ఆ దారంతా ముందురోజు రాత్రినుంచే జనం. ఒక బారికేడ్ దగ్గర పోలీసాయన "గో బర్డ్స్, వెనక్కి తిరగండి" అన్నాడు. తిరిగి తిరిగి, చివరికి బ్రాడ్ మీద లొంబార్డ్ వీధి మలుపులో చోటు దొరికింది.

అక్కడ గంటలకొద్దీ నిలబడ్డాం. రెండు రకాల ఆకుపచ్చలు కనిపించాయి. పెద్దవాళ్ళవి పాతకాలపు లేత పచ్చ జెర్సీలు, కుర్రాళ్ళవి 1996 తర్వాత వచ్చిన ముదురు పచ్చవి. ఎవరో ఒకరు "ఇ" అంటే చాలు, వీధి వీధంతా ఈగల్స్ అక్షరాలు ఒక్కొక్కటే అరుస్తుంది. బాత్రూములు మాత్రం దేవుడెరుగు. మూలనున్న పిజ్జా కొట్టువాడు, పిజ్జా కొంటేనే లోపలికి అని అట్టముక్క మీద రాసి పెట్టాడు. నాలుగు డాలర్లిచ్చి ముక్క కొన్నాను. లోపల క్యూలో ఉన్న పది మందీ చేతుల్లో తినని పిజ్జా ముక్కలతో నిలబడ్డారు.

మా పక్కన యాభై ఏళ్ళాయన ఒక ఫోటో ఫ్రేము ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. అద్దం మీద చెమ్మ పడకుండా ప్లాస్టిక్ కవరు, ఫ్రేము మెడకి చిన్నపిల్లల ఆకుపచ్చ మఫ్లరు. వాళ్ళ నాన్న. నలభై ఏళ్ళు సీజను టికెట్టు ఉన్న మనిషి. "2017 ఆగస్టులో పోయాడు. ఆరు నెలలు ఆగలేకపోయాడు" అన్నాడు. కోపంగానే అన్నాడు. 2018లో కూడా ఇదే ఫోటో పట్టుకుని వచ్చాడట. మఫ్లరు మాత్రం ఈసారి కొత్తది, మనవడిది.

ఆయనకి నమ్మకం కుదిరింది బ్రాండన్ గ్రేహమ్ వల్ల. 2018 సూపర్ బౌల్‌లో అవతలి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతిలోంచి బంతి ఊడగొట్టింది ఆ గ్రేహమే. 2024 నవంబర్‌లో చేతి కండరం తెగి, సీజను అయిపోయిందనుకున్నారు. 36 ఏళ్ళ వయసులో కోలుకుని సూపర్ బౌల్‌కి దిగాడు. "ముసలాడు తిరిగొచ్చాడంటే లోపల ఏదో తెలిసే ఉంటుంది" అని ఆయన లెక్క. నేనిచ్చిన పులిహోర రెండు చెంచాలు తిన్నాడు. వేరుశనగ గింజలు ఏరుకుని మరీ తిన్నాడు.

పన్నెండు దాటాక పోలీసు మోటారుసైకిళ్ళు, వాటి వెనక పైకప్పులేని బస్సులు వచ్చాయి. ఆకుపచ్చ కాగితం ముక్కలు గాలికి అడ్డంగా కొట్టుకుపోతున్నాయి. కొందరు ఆటగాళ్ళు బస్సు దిగి నడుస్తూ, బారికేడ్ల మీదుగా చేతులు కలుపుతున్నారు. చిన్నా గొంతు అప్పటికే పోయింది, నోరు తెరుస్తున్నాడు గాని శబ్దం రావట్లేదు. పక్కనాయన ఫోటోని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. బస్సులన్నీ వెళ్ళేదాకా దించలేదు. ఆయన మోచేతులు వణుకుతుంటే ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు కింద నుంచి పట్టుకున్నాడు.

అంతే. అరగంటలోపే అయిపోయింది. పొద్దుటినుంచి నిలబడ్డందుకు అరగంట అంటే మనవాళ్ళు ఎవరైనా గొణుగుతారు. ఇక్కడ ఒక్కరూ గొణగలేదు. ఫోన్లు పనిచేయక, సాయంత్రం గదికి చేరాక గాని మిగతా సంగతులు తెలియలేదు. జట్టు మేనేజరు హౌవీ రోజ్‌మన్ నుదుటికి జనంలోంచి విసిరిన బీరు డబ్బా తగిలి రక్తం వచ్చిందట. ఆయన ఆ గాయంతోనే వేదికెక్కి, ఈ ఊరి కోసం రక్తం కూడా చిందిస్తానన్నాడు. జనం ఊగిపోయారు. 2024 మార్చిలో బార్క్‌లీని తెచ్చింది, ఏప్రిల్‌లో డిజీన్‌ని ఎంచుకుంది ఆయనే. అలాంటి మనిషికే డబ్బా తగిలింది. ఈ ఊరి ప్రేమ ఇలాగే ఉంటుంది కాబోలు.

ఫిబ్రవరి 15, శనివారం – రీడింగ్ టెర్మినల్ మార్కెట్

సాయంత్రం విమానం. అక్కా బావగారూ ఊళ్ళోకి వచ్చారు, భోజనం రీడింగ్ టెర్మినల్ మార్కెట్లో. 1893 నాటి మార్కెట్, పక్కనే కన్వెన్షన్ సెంటర్. 2023 జులైలో తానా మహాసభలు అందులోనే జరిగాయి. "ఆ మూడ్రోజులూ ఇక్కడ పట్టుచీరలే" అంది అక్క.

పోర్క్ శాండ్‌విచ్ కోసం పెద్ద క్యూలో నిలబడ్డాం. లోపల పల్చగా కోసిన మాంసం, ఘాటైన ప్రొవలోన్ చీజ్, చేదు ఆకుకూర, రసం ఇంకి తడిసిన బ్రెడ్డు. టిప్పుతో కలిపి 20 డాలర్ల దాకా అయింది. నన్నడిగితే ఈ ఊరి అసలు శాండ్‌విచ్ ఇదే. చీజ్‌స్టేక్‌కి ప్రచారం ఎక్కువ. చిన్నా ఒప్పుకోలేదు, గొంతు లేదు కాబట్టి వాదించలేకపోయాడు.

ఆధునిక వస్తువులకి దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ళ కొట్లో తెల్లటి టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి ప్రెట్జెల్ చేస్తోంది. పిండిముద్దని తాడులా సాగదీసి, రెండు కొసలూ పట్టుకుని గాల్లో ఒక్క తిప్పు, అది దానంతటదే మెలిపడుతుంది. పొయ్యిలోంచి వచ్చినవాటిని కరిగిన వెన్నలో ముంచి కాగితంలో పెట్టి ఇచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో టీవీ ఉండదు. చిల్లర ఇస్తూ ఆ పిల్ల కూడా సిగ్గుపడుతూ "గో బర్డ్స్" అంది.

బయట పన్నెండో వీధి మూలలో బండిమీద టీషర్టులు అమ్ముతున్నారు. నిన్న ఊరేగింపులో 20 డాలర్లు, ఈరోజు 10. ఒకటి ఎంచుకున్నాను. ఎక్కణ్ణుంచి వచ్చారని బండాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపు చిన్నా, పోయిన గొంతుతోనే, "డాలస్" అన్నాడు.

"అయితే 20" అన్నాడు బండాయన.

ఇందాక 10 అన్నారు కదా అని బేరానికి దిగాను. ఆయన టీషర్టు మడత పెడుతూనే, డిసెంబర్ 29న కౌబాయ్స్ మీద ఈగల్స్ చేసిన స్కోరు చెప్పాడు. "41-7."

20 ఇచ్చి తీసుకున్నాను.